కేదారేశ్వరుడు, ఎలుగుబంటి, మా బావ

స్పానిష్‌లో 'కెదార్' అని ఒక క్రియ ఉంది. అక్క అత్తవారింట్లో కేదారేశ్వర నోము ఉండటం వల్ల కాబోలు, మాడ్రిడ్‌లో క్లాసులకి చేరగానే మా బావకి దాని మీద గురి కుదిరింది. పైగా రూపాలు చూస్తే పరమ బుద్ధిమంతుడు. కెదో, కెదాస్, కెదా... ఎక్కడా వంకర లేదు. ఆ భాషలో రోజూ వాడే క్రియలు చాలావరకు తిక్కవే, కాబట్టి ఇలాంటివాడు దొరికితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అర్థం 'ఉండిపోవడం' అని పుస్తకంలో మొదటి వరుసలో ఉంది. బావ రెండో వరుస చదవలేదు.

కథంతా ఆ రెండో వరుస నుంచే. గిన్నెలో పాలు మిగిలితే కెదార్. మందుల షాపు ఫలానా వీధిలో ఉందనాలన్నా కెదారే. చొక్కా నప్పినా, బిగుతైనా అదే. బట్టతల వచ్చినా వదలదు, వెనక ఓ 'సె' తగిలించుకుని హాజరవుతుంది. ఇక స్పెయిన్‌లో స్నేహితులు 'ఫలానా చోట కలుద్దాం' అనుకోవడానికి ఇది లేకపోతే పూట గడవదు.

ఓ శుక్రవారం ఆఫీసులో పక్క సీటతను "మన్యానా కెదామోస్ ఎన్ ఎల్ ఓసో, ఎ లాస్ ఓచో" అన్నాడు. రేపు ఎనిమిదింటికి ఎలుగుబంటి దగ్గర కలుద్దాం అని. మాడ్రిడ్ నడిబొడ్డున ఉన్న ప్యుయెర్తా దెల్ సోల్ అనే కూడలిలో 1967లో పెట్టిన విగ్రహం అది. ఎలుగుబంటి ఓ చెట్టుకి ముందరికాళ్ళు ఆనించి, పళ్ళకోసం నిక్కి చూస్తుంటుంది. ఊళ్ళో ఎవరు ఎవరిని కలవాలన్నా అక్కడే.

బావకి వినపడింది మాత్రం "రేపు ఓసోలో ఉండిపోదాం" అని. ఓసో ఏదో హోటలై ఉంటుంది, టీమ్ ఔటింగ్. అక్క చక్రాల పెట్టె సర్దింది. లుంగీ, దుప్పటి, పులిహోర, ఆవకాయ సీసా. "ఏవండీ, ఏసీ పడదు మీకు, చెవులకి మఫ్లర్ కట్టుకోండి" అని అదీ పెట్టింది.

లావాపియెస్ నుంచి సోల్‌కి మెట్రోలో ఒక్క స్టేషనే. సాగనంపడానికి నేనూ వెళ్ళాను. ఎలుగుబంటి కింద ఐదారుగురు చేతులూపుకుంటూ నిలబడి ఉన్నారు. పెట్టె చూసి "ఏ ఊరు ప్రయాణం?" అన్నాడు పక్క సీటతను.

"ఊరేమిటి, రాత్రికి మీతోపాటు ఇక్కడే ఉండటానికి వచ్చాను."

"తే ఎస్తాస్ కెదాందో కొన్మీగో?"

అంటే 'నన్ను ఆటపట్టిస్తున్నావా?' అని అక్కడి వాడుక. మాటకి మాట చూస్తే 'నాతో ఉంటున్నావా?' బావ ముఖం చేటంత అయింది.

"సీ, సీ! కొంతీగో!"

అవునవును, నిన్నే!

నవ్వి నవ్వి ఒకమ్మాయి ఆ విగ్రహం దిమ్మె మీద కూలబడింది. ఎవరూ ఏమీ విప్పి చెప్పలేదు, పెట్టె లాక్కుంటూ అందరం పక్క సందులో బార్‌కి నడిచాం. వెయిటర్ వచ్చి "నో కెదా తోర్తియా" అని చేతులు తిప్పాడు. బంగాళాదుంపల ఆమ్లెట్ అయిపోయిందట.

బావ నా చెవి దగ్గరికి వంగాడు. "విన్నావుట్రా? ఆమ్లెట్ కూడా ఇక్కడ ఉండట్లేదట. గదులు దొరకలేదు కాబోలు, వీళ్ళు నాతో చెప్పడానికి మొహమాటపడుతున్నారు."