రోడ్డు వెయ్యక్కర్లేదు, చూపిస్తే చాలు

మా వీధి దీపాలు పొద్దున్న తొమ్మిదింటికి వెలిగి సాయంత్రం ఆరింటికి ఆరిపోతాయి. మొదట్లో నేనూ అందరిలాగే తిట్టుకున్నాను. పాత సినిమాల కెమెరా పనితనం గురించి నాలుగు ముక్కలు తెలిశాక మాత్రం నా అజ్ఞానానికి సిగ్గేసింది. నలుపు-తెలుపు సినిమాల రోజుల్లో ఎండలో తీసి, లెన్సుకి ఫిల్టరు తగిలించి, ఎక్స్‌పోజర్ తగ్గించి, దాన్నే రాత్రిగా చూపించేవాళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ చూపించిన వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆయనకి కూడా పగటి పూట దీపాలు పెట్టి పగటిని ఇంకా పగలు చెయ్యాలన్న ఆలోచన రాలేదు. మా వాళ్లకి వచ్చింది.

ప్రభుత్వం ప్రజలకి ఏం చెయ్యాలి అన్న వాదన ఇన్నేళ్లయినా తెగలేదు కదా. ఒకరు రోడ్లంటారు, ఒకరు బియ్యమంటారు, ఇంకొకాయన అసలేమీ ఇవ్వొద్దు బాబూ, పన్ను తగ్గించి మా మానాన మమ్మల్ని వదిలెయ్యండి అంటాడు. ఇంత గొడవ దేనికో నాకర్థం కాదు. ప్రభుత్వం పని చెయ్యడం కాదు, చేసినట్టు చూపించడం అని ఒప్పేసుకుంటే అందరికీ టెన్షన్ తగ్గుతుంది, పైగా ఆ విద్యలో మనకున్న అనుభవం ఇంకెవరికీ లేదు.

పాత సినిమాల్లో కారు సీను గుర్తుందా? కారు స్టూడియోలోనే ఉంటుంది, వెనక తెర మీద రోడ్డూ చెట్లూ పరిగెడుతుంటాయి, రోడ్డు తిన్నగా ఉన్నా సరే హీరో స్టీరింగుని అటూ ఇటూ తెగ తిప్పేస్తుంటాడు. బ్యాక్ ప్రొజెక్షన్ అంటారు దీన్ని. కారు నిజంగా వెళ్తున్నట్టు కనపడాలంటే ఎవరో ఒకరు కింద నుంచి దాన్ని కుదుపుతూ ఉండాలి. వాళ్లు తెర మీద కనపడరు. ఆ కుదిపేవాళ్లం మనం. పన్నుల రూపంలో.

కులెషోవ్ అని రష్యాలో ఒక దర్శకుడు ఉండేవాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, తీసుకుని దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక అమ్మాయి షాటు అతికించాడు. చూసినవాళ్లు ఆ నటుడు ఆకలిని, దుఃఖాన్ని, కోరికని ఎంత బాగా పలికించాడో అని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం అదే ముక్క. నూరేళ్ల కిందటి ఈ ప్రయోగం మా సెంటర్లో ఇప్పటికీ రోజూ జరుగుతోంది. అదే నాయకుడు, అదే నమస్కారం, అదే ఫొటో. సంక్రాంతి ఫ్లెక్సీ మీద సంతోషంగా ఉంటాడు, సంతాపం ఫ్లెక్సీ మీద కుమిలిపోతుంటాడు, రేషన్ సంచీ మీద కడుపు నిండా కరుణతో ఉంటాడు. ఫొటోగ్రాఫర్ ఖర్చు ఒక్కసారే. దీన్ని పొదుపు అనరా?

ఇక శంకుస్థాపనలు. పాత సినిమాల్లో పిల్లవాడు పరిగెడుతుంటే కెమెరా కాళ్ల మీదకి వస్తుంది, ఆ కాళ్లే పెద్దవైపోతాయి, పైకి చూస్తే హీరో. పదిహేనేళ్లు ఒక్క డిజాల్వ్‌లో అయిపోతాయి. మా ఊరి వంతెనకీ సరిగ్గా పదిహేనేళ్లు అయ్యాయి, కాకపోతే ఇక్కడ పెరిగింది పిల్లలే. శంకుస్థాపన రోజు జెండాలు ఊపిన పిల్లలు ఇప్పుడు ఆ శిలాఫలకానికి బైకులు ఆనించి టీ తాగుతున్నారు. వంతెన నమూనా మాత్రం ఆఫీసులో గాజుపెట్టెలో ఉంది, చాలా ముచ్చటగా ఉంటుంది. మాయాబజార్ వాళ్లు కూడా ద్వారకని బుల్లి బుల్లి ఇళ్లతో కట్టారు, లోపల దీపాలు కూడా పెట్టి. ఆ ద్వారకకి మంచినీళ్ల కనెక్షన్ ఎందుకివ్వలేదని ఎవరైనా అడిగారా?

రాజ్యాంగం కూడా నా వైపే ఉంది. నాలుగో భాగంలో ప్రభుత్వం ఏం చెయ్యాలో చెప్పే ఆదేశిక సూత్రాలని ఉంటాయి, పోషకాహారం, ఆరోగ్యం, జీవన ప్రమాణం అంటూ ఎంతో చక్కగా రాసుకున్నాం. దాంతో పాటు 37వ అధికరణంలో, వీటిని కోర్టు ద్వారా అమలు చేయించుకోవడం కుదరదని కూడా రాసుకున్నాం. వీలున్నప్పుడు డబ్బిచ్చే బ్యాంకు మీద రాసిన చెక్కులాంటివి ఇవని రాజ్యాంగ సభలోనే కె.టి. షా పెదవి విరిచారు. నన్నడిగితే అది ట్రైలర్. ట్రైలర్ చూసి టికెట్ డబ్బు వెనక్కిమ్మంటే ఎలా?

మధ్యలో రత్లాం జనం ఆట చెడగొట్టారు. మధ్యప్రదేశ్‌లో ఒక మామూలు ఊరు. మురికి కాలవల కంపు భరించలేక మున్సిపాలిటీ మీద కేసేస్తే, డబ్బుల్లేవండీ అన్నారు వాళ్లు. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, డబ్బుల్లేవన్న సాకుతో మున్సిపాలిటీ కనీస బాధ్యత తప్పించుకోవడం కుదరదని చెప్పేశారు. షూటింగ్ మధ్యలో సెట్టు వెనక్కి వెళ్లి అట్టముక్కలు చూపించినట్టు! అదృష్టవశాత్తూ ఆ తీర్పు మా ఊరి దాకా రాలేదు. కాలవ దాటలేకపోయి ఉంటుంది.

బియ్యం సంగతికొస్తే, మాయాబజార్‌లో కృష్ణుడైన ఎన్టీఆర్, 1983లో ముఖ్యమంత్రయ్యాక కిలో రెండు రూపాయలకి బియ్యమిచ్చారు. అది ట్రిక్ షాట్ కాదు, అన్నం నిజంగానే ఉడికింది, అందుకే జనానికి ఇంకా గుర్తుంది. అప్పట్నుంచీ ఉచితాలు జనాన్ని సోమరులని చేస్తాయన్న వాదనా ఉంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2022 ఆగస్టులో జస్టిస్ ఎన్.వి. రమణ తన పదవీ విరమణ రోజునే దాన్ని ముగ్గురు జడ్జీల బెంచికి పంపారు. మా బాబాయైతే ఈ విషయంలో చాలా ఖచ్చితంగా ఉంటాడు. ప్రభుత్వం ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వకూడదని, రిటైరైన రోజు నుంచీ పెన్షన్ తీసుకుంటూ, ప్రభుత్వ హెల్త్ కార్డు మీద రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకుని మరీ చెబుతున్నాడు. ఇక గోడౌన్లో బయల్దేరిన బస్తాలు దారిలో తగ్గిపోతుంటాయి చూడండి, దాన్ని అవినీతి అనకండి. తెర మీద ఘటోత్కచుడి ముందు పెళ్లి వంటకాలు మాయమైతే చప్పట్లు కొట్టింది మనం కాదూ?

అయినా నాకూ బలహీనతలున్నాయి. మొన్న ఉండబట్టలేక వీధి గుంటల గురించి యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజుకల్లా ‘సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్, సాక్ష్యంగా ఒక ఫొటో. నల్లగా నిగనిగలాడే రోడ్డు, రెండు పక్కలా చెట్లు, తెల్ల గీతలు, ఒక మూల ఆవు కూడా ప్రశాంతంగా పడుకుని ఉంది. పక్కింటాయన్ని పిలిచి చూపించాను. ఇది మన వీధి కాదండీ అన్నాడు. తెలుసన్నాను. మరి ఎక్కడిదంటారు అన్నాడు. ఇద్దరం జూమ్ చేసి చాలాసేపు చూశాం గానీ బోర్డులు చదవడానికి రాలేదు. ఆ వీధి ఎక్కడో కనుక్కుని, అక్కడేమైనా టూలెట్ బోర్డు కనపడితే అడిగి రమ్మంటోంది మా ఆవిడ.