జవాబు చెప్పే గొంతు ఉండాలి

1933 అక్టోబరు 4న హిట్లర్ ప్రభుత్వం సంపాదకుల చట్టం తెచ్చింది. పత్రికలో పనిచేయాలంటే ఆర్య వంశంలో పుట్టి ఉండాలి, కట్టుకున్నవాళ్లు కూడా యూదులు కాకూడదు. రాసింది నిజమా కాదా అన్నది ఎవరికీ పట్టలేదు, రాసినవాడి తాతముత్తాతలెవరన్నదే చూశారు. 1906 నుంచి 'బెర్లినర్ టాగెబ్లాట్' దినపత్రికను నడిపించిన యూదు సంపాదకుడు థియోడర్ వోల్ఫ్ అప్పటికే ప్రాణభయంతో దేశం దాటారు. పదేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆయన్ను పట్టుకుని నాజీల రహస్య పోలీసు గెస్టపోకు అప్పగించారు. నిర్బంధ శిబిరంలో జబ్బుపడి, 1943 సెప్టెంబరులో బెర్లిన్‌లోని యూదుల ఆసుపత్రిలో కన్నుమూశారు.

యూదుల్ని పత్రికల్లోంచి గెంటేసిన ఆ దేశంలో యూదుల మీద రాతలకు మాత్రం కొదవలేదు. నాజీ నాయకుడు యూలియస్ స్ట్రైఖర్ వారపత్రిక 'డేర్ స్టుర్మర్'ను కూడళ్లలో, బస్టాపుల్లో అద్దాల పెట్టెల్లో పెట్టేవారు. డబ్బులిచ్చి కొననక్కర్లేదు, బస్సు కోసం నిలబడ్డ ప్రతి మనిషి కంటా పడేది. మొదటి పేజీ అడుగున 'యూదులే మన దౌర్భాగ్యం' అన్న వాక్యం వారం వారం ఉండేది. అది అబద్ధమని రాయగలిగిన యూదు విలేకరి ఏ పెద్ద పత్రికలోనూ మిగల్లేదు. ద్వేషం అంత తేలిగ్గా ఇంటింటికీ పాకడానికి ఇదో పెద్ద కారణమని మేము నమ్ముతున్నాం.

ఇవాళ అలాంటి చట్టం లేదు. కానీ గాజా యుద్ధం మొదలయ్యాక చాలా చోట్ల యూదుల్ని ముందు ఇజ్రాయెల్ తరఫున సంజాయిషీ ఇమ్మంటున్నారు, ఆ తర్వాతే మాట్లాడనిస్తున్నారు. గాజాలో పసిపిల్లల చావులకు ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే, అందులో మొహమాటం అక్కర్లేదు. పారిస్‌లో కొట్టు నడుపుకునే యూదుణ్ని అందుకు బోనెక్కించడం మాత్రం పచ్చి యూదు ద్వేషం.

మన దగ్గర యూదులు కొచ్చిలో, కొంకణ తీరంలో వందల ఏళ్లుగా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు మతం పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. 2016లో మహారాష్ట్ర యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది. కేంద్రం గుర్తించిన ఆరు మైనారిటీల్లో వాళ్లకింకా చోటు దొరకలేదు. జాతీయ చానెళ్లకు ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడో, యుద్ధం వచ్చినప్పుడో తప్ప వీళ్లు గుర్తుకురారు.

కేంద్రం ఆ జాబితాలో యూదుల్ని వెంటనే చేర్చాలి. చానెళ్లు, పత్రికలు తమ చర్చలకు, వ్యాసాలకు వాళ్లను పిలవాలి. ఇజ్రాయెల్ గురించే కాదు, బడి గురించి, ధరల గురించి, తమ ఊరి రోడ్డు గురించి కూడా మాట్లాడనివ్వాలి.