హద్దు తగ్గిస్తే స్పామ్ ఆగుతుందా?

చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. డెబియన్ లినక్స్ మీద సొంత మెయిల్ సర్వర్: మెయిల్ అందుకునే పోస్ట్‌ఫిక్స్, దాన్ని వడపోతకు పంపే అమావిస్, ప్రతి మెయిల్‌కూ స్పామ్ స్కోరు వేసే స్పామ్‌అసాసిన్. స్కోరు హద్దు దాటితే అది స్పామ్. తోతాపురి సీజన్‌లో ఇన్‌బాక్సుల నిండా చెత్త. సర్వర్ చూసుకునే ఇద్దరి వాదన ఇది.

తమ్ముడు: దీనికింత ఆలోచన ఎందుకన్నా? స్పామ్‌అసాసిన్ సెట్టింగుల ఫైలు లోకల్.సీఎఫ్‌లో హద్దు, అంటే రిక్వైర్డ్_స్కోర్, 5 ఉంటే 3 చేసేసినా.

అన్న: చేసినావు సరే, తగ్గిందా?

తమ్ముడు: లేదు.

అన్న: తగ్గదప్పా. అమావిస్ ఆ లైన్ని పట్టించుకోదు. స్పామని ముద్ర వేసేదానికి ఎస్‌ఏ_ట్యాగ్2_లెవెల్, ఆపేదానికి ఎస్‌ఏ_కిల్_లెవెల్ అని దాని హద్దులు దానికున్నాయి.

తమ్ముడు: అయితే అక్కడే 3 పెడతా.

అన్న: గుజ్జు కొనేవాళ్ళ మెయిళ్ళు చూడు. సబ్జెక్ట్ అంతా పెద్దక్షరాలు, లోపల బొమ్మలు, లింకులు. ఒక్కోటి 3 సులువుగా దాటుతుంది. ఆర్డర్ మెయిల్ ఆగిపోతే పంపినోడికీ తెలీదు, మనకూ తెలీదు.

తమ్ముడు: ఆపిన మెయిల్ క్వారంటైన్‌లో పక్కన ఉంటుంది కదా, పొద్దునా సాయంత్రం చూస్తే పోలా? అకౌంట్స్‌కి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని దొంగ ఇన్‌వాయిస్‌లు వస్తాండాయి. నువ్వు సర్వర్ లాగ్ ఫైళ్ళు చదివి ముగించేలోపల ఎవరో ఒకరు డబ్బు కట్టేస్తారు. అప్పుడు యజమానికి ఏం చెప్తావు?

అన్న: ఆ మాట కాదనను. ఇంతకూ ఆ మెయిల్ హెడర్‌లో, అంటే పైన దాగి ఉండే వివరాల్లో, స్కోరెంత?

తమ్ముడు: స్పామ్ హెడరే లేదు. అసలు స్కానే కాలేదేమో.

అన్న: అయింది. ఎస్‌ఏ_ట్యాగ్_లెవెల్ 2.0 ఉంది కాబట్టి అంతకన్నా తక్కువ స్కోరుకు హెడర్ రాయదు. దాన్ని -999 చేసి చూసినా. దొంగ మెయిల్ స్కోరు మైనస్‌లో ఉంది. మైనస్‌లో ఉన్నదానికి హద్దు 5 అయితేనేం, 3 అయితేనేం? హెడర్‌లో రెండు పేర్లున్నాయి: యూఆర్‌ఐబీఎల్_బ్లాక్డ్, అంటే స్పామ్ లింకుల చిట్టా (బ్లాక్‌లిస్టు) జవాబివ్వలేదని; బేయెస్_00, అంటే నేర్చుకున్న మెయిళ్ళను బట్టి ఇది స్పామ్ కాదని. సర్వర్ డీఎన్‌ఎస్, అంటే పేర్లకు అడ్రసులు వెతికే పని, గూగుల్ పబ్లిక్ రిజాల్వర్ 8.8.8.8కి పెట్టినారు. లోకమంతా అక్కడినుంచే అడుగుతుంటే బ్లాక్‌లిస్టులు జవాబివ్వవు. స్పామ్‌హౌస్ అనే బ్లాక్‌లిస్టు పరీక్ష పేరు 2.0.0.127.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్‌ని డిగ్ కమాండ్‌తో అడుగు. 127.0.0.2 రావాల్సిన చోట 127.255.255.254 వస్తుంది, అంటే తిరస్కారం. బ్లాక్‌లిస్టులు కళ్ళు మూసుకుంటే స్పామ్‌కు మార్కులు పడవు. 0.1 కన్నా తక్కువొస్తే తనంతట తాను నేర్చుకునే ఆటోలెర్న్ దాన్ని మంచి మెయిలని నేర్చేసుకుంటుంది. ఇక అట్లాంటివి ఎన్నొచ్చినా బేయెస్ తానే -1.9 తగ్గించి లోపలికి పంపుతుంది.

తమ్ముడు: మరి నేను పోగేసి నేర్పించిన స్పామ్ అంతా?

అన్న: రూట్ యూజర్‌గా, బేయెస్‌కి నేర్పే ఎస్‌ఏ-లెర్న్ కమాండ్ నడిపినావు. అది రూట్ ఇంట్లోని డేటాబేస్‌లో పడింది. అమావిస్ చదివేది /వార్/లిబ్/అమావిస్ కింద ఉన్నది. ఎస్‌ఏ-లెర్న్ --డంప్ మ్యాజిక్‌ని రూట్, అమావిస్ యూజర్లిద్దరి పేరుతోనూ నడుపు, నేర్చిన మెయిళ్ళ లెక్కలు కలవవు.

తమ్ముడు: సరే, అన్‌బౌండ్ ప్రోగ్రాం పెట్టి, 8.8.8.8 బదులు మనమే డీఎన్‌ఎస్ అడిగే సొంత రిజాల్వర్ చేసుకుందాం. స్పామ్‌హౌస్ ఫ్రీ సేవకు షరతులున్నాయి. ఫ్యాక్టరీ మెయిల్‌కి వాడితే న్యాయమేనా?

అన్న: షరతులు చదవాలి. మనకు కుదరకపోతే డబ్బు కట్టాలి, లేదంటే ఆ రూల్స్ ఆపాలి.

తమ్ముడు: కట్టేదే అయితే మెయిలంతా హోస్టింగ్ వాడికి అప్పజెప్పొచ్చు కదా! నెలనెలా ఇంతని పారేస్తే ఈ గోలే ఉండదు.

అన్న: అన్ని మెయిల్‌బాక్సులకు నెలనెలా కట్టేదానికి యజమాని దగ్గర నువ్వే సంతకం పెట్టించుకో, నేనడగను. అక్కడైనా ఆర్డర్ మెయిల్ జంక్‌లో పడదని ఎవరు చెప్పినారు?

తమ్ముడు: ఇంకోటి. కొనేవాడి మెయిల్‌బాక్సే హ్యాక్ అయితే? మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షలు రెండూ పాస్. నీ అన్‌బౌండ్, నీ బేయెస్ ఏం పట్టుకుంటాయి?

అన్న: పట్టుకోవు. ఖాతా మారిందంటే పాత నంబర్‌కి ఫోన్ చేయాల్సిందే, అది అకౌంట్స్ పని. మన పని అన్‌బౌండ్ పెట్టడం. తర్వాత అమావిస్ యూజర్‌గా బేయెస్‌ని --క్లియర్ చేసి, మళ్ళీ నేర్పడం. స్పామ్ 200, మంచివి 200 చేరేదాకా అది నోరు విప్పదు.

తమ్ముడు: మంచివి 200 ఎక్కడినుంచి తేవాలి?

అన్న: సేల్స్ వాళ్ళ పాత ఆర్డర్ల ఫోల్డర్. వాళ్ళనడిగి తీసుకో.

తమ్ముడు: సరే. అంతా అయినాక స్పామ్‌అసాసిన్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తా.

అన్న: అది కాదు, అమావిస్‌ని చెయ్యి. రూల్స్‌ని అదే మొదలయ్యేటప్పుడు తనలోకి ఎక్కించుకుంటుంది.