బిల్లు కోసం ఇచ్చిన ఈమెయిల్‌కు ఆఫర్లు పంపొచ్చా?

విశాఖ ద్వారకానగర్‌లో ఏ పెద్ద షాపుకెళ్లినా కౌంటర్లో అడిగే ప్రశ్నే: ‘బిల్లు మెయిల్‌కి పంపమంటారా సార్?’ మెయిల్ ఐడీ చెప్పి బయటికొస్తాం. వారం తిరక్కుండానే శ్రావణమాసం డిస్కౌంట్ల మెయిళ్లు మొదలవుతాయి. ఐడీ కస్టమరే ఇచ్చారు కదా అన్నది షాపుల వాదన. ఇచ్చింది బిల్లు కోసం.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (2023) ఈ తేడాను ఒక మందుల షాపు ఉదాహరణతో చెబుతుంది. మందులు కొన్న వ్యక్తి, డబ్బు ముట్టినట్టు ఫోన్‌కు మెసేజ్ పెట్టమని నంబరిస్తే, షాపు ఆ పనికి దాన్ని వాడుకోవచ్చని 7వ సెక్షన్ అంటుంది. ప్రచారం వేరే పని, దానికి 6వ సెక్షన్ ప్రకారం విడిగా సమ్మతి కావాలి. ఆ సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా, దేనికో తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చిందై ఉండాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన బాక్సు ఇక్కడ చెల్లదు.

ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సమ్మతి, నోటీసుల నిబంధనలకు 18 నెలల గడువుంది, అంటే 2027 మే. ఈలోగా పాత పద్ధతే నడిపిద్దామనుకోవడం తెలివైన లెక్క కాదు. గడువుకు ముందు సమ్మతి తీసుకున్నవాళ్లకు తర్వాత నోటీసు ఇచ్చి కొనసాగవచ్చు. అసలు సమ్మతే లేని పేర్లకు ఆ వెసులుబాటు లేదు. వివాదం వస్తే, సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సింది వ్యాపారే.

చాలామంది చిక్కుకునేది ఈ రుజువు దగ్గరే. లిస్టులు సాధారణంగా ఎక్సెల్ షీట్లలో ఉంటాయి: పేరు, ఫోను, మెయిలు. వాటి పక్కన ఇంకో నాలుగు గడులు కావాలి: ఏ తేదీన, ఎక్కడ, ఏ వాక్యం చూపించి, దేనికోసం ఒప్పుకున్నారు. ఫారంలో వాక్యం మార్చినప్పుడల్లా పాత ప్రతిని దాచాలి. ఆన్‌లైన్ ఫారం అయితే, నమోదు కాగానే ఒక మెయిల్ పంపి, అందులోని లింకు నొక్కిన వాళ్లనే చేర్చుకోవడం మేలు. తప్పుగా టైపు చేసిన ఐడీలు, వేరేవాళ్ల పేరిట ఇచ్చినవి అక్కడే ఆగిపోతాయి. నోటీసును ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ చదువుకునే వీలుండాలి.

ప్రాపర్టీ షోలో లక్కీ డ్రా డబ్బాలో పడిన విజిటింగ్ కార్డు డ్రాకే పనికొస్తుంది. కోచింగ్ సెంటర్ల సంగతి ఇంకా సున్నితం. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది 18 ఏళ్లలోపు వాళ్లే. వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి, వాళ్లను గురిపెట్టిన ప్రకటనలకు 9వ సెక్షన్ అడ్డు చెబుతుంది. పిల్లల నిబంధనలు మీరితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు.

విశాఖలోని రుషికొండలో కూర్చుని విదేశీ క్లయింట్లకు మెయిళ్లు పంపే కంపెనీలకు అక్కడి చట్టాలూ వర్తించవచ్చు. అమెరికా చట్టానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు కానీ, మెయిల్లో పోస్టల్ చిరునామా ఉండాలి, వద్దన్న వాళ్లను 10 పనిదినాల్లో తీసేయాలి. కెనడాలో అనుమతి ముందే కావాలి. కొనుగోలు జరిగితే రెండేళ్ల వరకు అది ఉన్నట్టే భావిస్తారు.

చట్టం కన్నా ముందు జీమెయిలే తలుపు మూసేయవచ్చు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. వెయ్యిమందిలో ముగ్గురు స్పామ్ నొక్కితే చాలు. బయట కొనుక్కున్న ‘వైజాగ్ డేటాబేస్’ లాంటి మెయిల్ ఐడీల జాబితాతో ఆ గీత దాటడానికి ఒక్క ప్రచారం సరిపోతుంది. ఆ దెబ్బ మామూలు ఇన్వాయిస్ మెయిళ్లకూ తగలొచ్చు.

వద్దన్నవాళ్ల దగ్గరే ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. వాళ్ల పేరును మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో తీసేస్తారు. పండగ ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్త షీటు దింపి ఎక్కించగానే ఆ పేరు మళ్లీ చేరిపోతుంది. అందుకే వద్దన్న ఐడీలను మాత్రం వేరే జాబితాలో ఉంచి, మిగతా వివరాలు తీసేసి, ఏ షీటు ఎక్కించినా ముందు దాంతో సరిపోల్చాలి. ఆ పని చేసే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి, లేకపోతే దసరా హడావుడిలో ఎవరూ చేయరు.