మా ఆయా ఫోన్‌లో మాట్లాడింది నాతోనే, మహానుభావులారా

ఇప్పుడే వాణ్ణి పడుకోబెట్టి వచ్చి కూర్చున్నాను. టీ పెట్టుకుని మర్చిపోయాను, చల్లారి మీగడ కట్టింది. తాగినా తాగకపోయినా ఇది రాస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

పొద్దున పదకొండు దాటాక మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కింద పార్కులో ఇసుక గుంట గట్టు మీద మా ఆయా కూర్చుని ఉంది, చెవి దగ్గర ఫోన్. రెండడుగుల దూరంలో మా బుడ్డోడు, నోట్లో ఆకు. కింద రాత: "ఈ బాబు ఎవరి బాబు? ఆయా ఫోన్‌లో బిజీ. పేరెంట్స్ దయచేసి చూసుకోగలరు." చివర రెండు దండాల బొమ్మలు. మా సొసైటీలో ఎవరినైనా బజారుకీడ్చే ముందు దండం పెట్టడం ఆచారం.

నేను మీటింగులో ఉన్నాను. బయటికొచ్చి చూసేసరికి 37 మెసేజులు. పోలీస్ వెరిఫికేషన్ చేయించారా అని ఒకావిడ. వాడు నోట్లో పెట్టుకున్నది బాదం ఆకు, దానికి పోలీసులు. ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేమండీ అని ఇంకొకావిడ, వాళ్ళింటి తాళాలు ఐదేళ్ళుగా పనమ్మాయి దగ్గరే ఉంటాయి. రాత్రి పదింటికి తప్ప ఇల్లు చేరని ఒక పెద్దమనిషి, మొదటి మూడేళ్ళు పిల్లలు తల్లి దగ్గరే పెరగాలంటూ ఏదో వ్యాసం ఫార్వర్డ్ చేశాడు. అయ్యా, మీ పిల్లలు మొదటి మూడేళ్ళు మీ దగ్గర ఎన్ని గంటలు పెరిగారో కూడా ఒక వ్యాసం రాయండి, చదువుతాం.

ఫోటో మూడో అంతస్తు బాల్కనీ నుంచి జూమ్ చేసి తీసింది. కింద రెయిలింగ్ మీద ఆరేసిన తువ్వాలు అంచు కూడా పడింది, ఎవరి తువ్వాలో నాకు తెలుసు. అంత భయమేసినప్పుడు "ఏమ్మా, బాబు నోట్లో ఏదో ఉంది చూడు" అని ఒక్క కేక వేస్తే అయిపోయేది కదా. కేక వేస్తే ఎవరు చూస్తారు?

ఇప్పుడు అసలు సంగతి. నా ఫోన్‌లో కాల్ లిస్టు ఉంది. 11:08కి నేనే ఆవిడకి ఫోన్ చేశాను. నాలుగు నిమిషాలు. తిన్నాడా అని అడిగాను. "రెండు ముద్దలు తిన్నాడమ్మా, మూడోది ఊసేసినాడు. ఇదిగో ఇప్పుడేటో ఆకు ఎట్టేసుకున్నాడు నోట్లో, ఉండండి" అంది. ఫోన్‌లో నాకు వాడి ఏడుపు వినిపించింది, ఆకు తీసేసినందుకు. అంటే ఫోటో తీసినప్పటికీ ఆకు బయటికొచ్చినప్పటికీ మధ్య పది సెకన్లు కూడా లేవు. ఆ పది సెకన్లకి 37 మెసేజులు.

కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాను. పావుగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు "ఓకే మేడమ్, మేం జనరల్‌గా చెప్పాం" అన్నారు. మా బాబు ఫోటో, మా ఆయా మొహం, అన్నీ జనరలే. వెంటనే నీళ్ళ ట్యాంకర్ డబ్బుల గొడవలోకి వెళ్ళిపోయారు.

ఇక్కడిదాకా అయితే ఒక గ్లాసు మజ్జిగ తాగి ఊరుకునేదాన్ని. పైకి జరుపుకుంటూ మెసేజులు మళ్ళీ చదివితే, ఆ మొదటి ఫోటో కింద బొటనవేలు పైకెత్తిన గుర్తు ఒకటి కనిపించింది. ఎవరిదా అని చూస్తే మా ఆయనది. కట్టుకున్న మొగుడు. కన్న తండ్రి. "ఇన్ఫామ్ చేశారు కదా, మర్యాదగా ఉంటుందని పెట్టాను" అన్నాడు. అంతేనా, అదే ఫోటోని వాళ్ళ ఫ్యామిలీ గ్రూపుకి కూడా పంపాడు. ఎందుకయ్యా అంటే సమాధానం లేదు.

ఇంకో విషయం గమనించారా? ఆ 37 మెసేజుల్లో మా ఆయన పేరు ఒక్కటంటే ఒక్కచోట లేదు. ఫ్లాట్ ఆయన పేరు మీదే ఉంది, ట్యాంకర్ డబ్బులు రాకపోతే ఆయన్నే ట్యాగ్ చేస్తారు. బాబు ఆకు నమిలితే మాత్రం "మేడమ్, ప్లీజ్ చెక్". ఏడాదిన్నర నుంచి కనీసం వంద మంది నన్ను అడిగి ఉంటారు, ఆయా మీద వదిలేసి ఎలా వెళ్తున్నావమ్మా, నీకు భయం వెయ్యదా అని. ఆయన్ని ఎవరైనా అడిగారా? ఆయన కూడా అదే ఆయా మీద వదిలేసి అదే తొమ్మిదింటికి అదే లిఫ్టులో దిగుతున్నాడు.

భయం వేస్తుంది. వెయ్యదని ఎవరన్నారు? టీవీలో ఆయాలు పిల్లల్ని కొట్టే వీడియోలు మీకంటే నేనే ఎక్కువ చూశాను, రాత్రి రెండింటికి, దుప్పటి కింద. మొదట ఏజెన్సీ పంపిన ఆయా ఉన్నప్పుడు మావాడు మధ్యాహ్నం మూడేసి గంటలు పడుకునేవాడు. దగ్గు సిరప్ పట్టేస్తోందేమో అని నాకొక పురుగు దొలిచింది. సీసా మీద మందు ఎంతవరకు ఉందో చూసి నీలం స్కెచ్ పెన్‌తో గీత గీశాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విడవకుండా వెళ్ళి ఆ గీత చూసేదాన్ని. ఒక్క చుక్క తగ్గలేదు. వాడు రాత్రంతా మేలుకుని నన్ను పీక్కుతిన్నాడు కాబట్టి పగలు పడుకునేవాడు, అంతే. ఆవిడ ఆ గీత చూసింది. షెల్ఫు తుడిచేటప్పుడు సీసా తీసి గీత నావైపు తిప్పి పెట్టింది. ఏమీ అనలేదు. నెలాఖరుకి మానేసింది. ఏజెన్సీ వాళ్ళు ఒక నెల జీతం కమీషన్ అప్పటికే మింగేశారు, అది వేరే ఏడుపు. తర్వాత వచ్చినావిడ పదకొండు రోజులుంది.

ఇప్పుడున్నావిడ పలాస వైపు మనిషి. పద్నాలుగు నెలలు అయింది. కెమెరా ఉంది మా హాల్లో, ఉందని ఆవిడకీ తెలుసు. మొదటి వారంలోనే వాడి చెయ్యి పట్టుకుని కెమెరా వైపు ఊపించి "అమ్మకి టాటా సెప్పు" అంది. నేను మీటింగులో మ్యూట్‌లో కూర్చుని టాటా చెప్పాను. ఆవిడ అన్నం తినేటప్పుడు మాత్రం కెమెరాకి వీపు పెట్టి కూర్చుంటుంది.

నేను ఆవిడని నమ్మింది కెమెరా చూసి కాదు. ఒకరోజు మధ్యాహ్నం తనే ఫోన్ చేసి, "అమ్మా, మీరొచ్చి సూసే ముందే సెప్తన్నాను, సోఫా మీంచి పడ్డాడు, నుదురు బొప్పి కట్టింది, నా తప్పే, నాను నీళ్ళకి లేసినాను" అంది. నేను ఇంటికెళ్ళేసరికి ఆ బొప్పి దాదాపు కనపడటమే లేదు. చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. అదే మా ఆయన, ఆదివారం వాడికి ఐస్‌క్రీమ్ తినిపించి, మూతి తుడిచి, చొక్కా మార్చి, మూడు రోజులు వాడి జలుబుతో నేను చస్తుంటే కూడా నోరు విప్పలేదు. ఆ చొక్కా వాషింగ్ మెషిన్‌లో దొరికింది. ఇప్పుడు చెప్పండి, ఎవరికి చేయించాలి వెరిఫికేషన్?

క్రెష్‌లో వెయ్యొచ్చుగా అంటారు. వెయ్యొచ్చు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట క్రెష్ ఉండాలని పెట్టారు. తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు అని కూడా రాశారు. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. మా కంపెనీకీ క్రెష్ ఉంది. ఎక్కడ అంటే, ఏడు కిలోమీటర్ల అవతల ఒక ప్లేస్కూల్‌తో ఒప్పందం. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో రోజుకు నాలుగు సార్లు వెళ్ళిరావడం మొదలుపెడితే బిడ్డ అక్కడే పదో తరగతికి వచ్చేస్తాడు. అదే చట్టం నాకిచ్చిన సెలవు 26 వారాలు. సరిగ్గా అన్నప్రాశన అయ్యేసరికి అయిపోయింది. పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బులు, అన్నీ పీట మీద పెడితే, మావాడు వాటన్నిటినీ దాటి పాకి వెళ్ళి మూల ఉన్న నా లాప్‌టాప్ బ్యాగ్ పట్టీ పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. మర్నాడే నేను ఆఫీసుకెళ్ళాను. ఇక ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి సెలవివ్వాలనే చట్టమే లేదు. వాళ్ళ కంపెనీ దయతలిచి ఐదు రోజులిస్తే మా ఆయన అందులో రెండు రోజులు ఊయల బిగించాడు. అది ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే ఉంది.

సరే, అసలు మంట ఇది కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మా అత్తయ్యగారి వీడియో కాల్. ఆవిడ ఇప్పుడు డాలస్‌లో పెద్దకొడుకు దగ్గర ఉన్నారు. అక్కడ రాత్రి రెండున్నర. ఫ్యామిలీ గ్రూపులో ఫోటో చూసి నిద్ర పట్టలేదట. "ఇందుకే నేను ముందే చెప్పాను, బయటివాళ్ళు బయటివాళ్ళేనమ్మా, మన పిల్లల్ని మనం చూసుకోవాలి" అన్నారు.

మనం అంటే ఎవరం అత్తయ్యా?

తెలుగు వాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. అమెరికాలో బిడ్డ పుడితే మొదటి ఆరు నెలలు పిల్ల తల్లి, తర్వాత ఆరు నెలలు పిల్లాడి తల్లి, ఆసుపత్రి నర్సుల్లా షిఫ్టులు. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి డ్యూటీ చార్టు వాళ్ళే వేసి పంపినట్టు ఉంటుంది. మా తోడికోడలికి రెండు కాన్పులకీ అత్తయ్య వెళ్ళారు. పచ్చళ్ళు, కారప్పొడి, సున్నుండలు, ఉడుకు మందులు, రెండు సూట్‌కేసులూ 23 కిలోలకి తూచి మరీ పట్టుకెళ్ళారు. మధ్యలో దోహాలో విమానం మారి, అటూ ఇటూగా ఒక రోజు ప్రయాణం. మోకాళ్ళు ఏమీ అనలేదు. నాకు కాన్పయినప్పుడు గుడివాడ నుంచి మియాపూర్‌కి రావడానికి మాత్రం మోకాళ్ళు ఒప్పుకోలేదు. పన్నెండు రోజులున్నారు. పన్నెండూ నేను లెక్కపెట్టాను. మా అమ్మకి రిటైర్మెంట్ ఇంకా రెండేళ్ళుంది, ఉన్న సెలవులన్నీ ఊడ్చి నెల రోజులు ఉంది. ఆవిడని ఏమీ అనలేను.

అనకూడదని ఇన్నాళ్ళూ అనలేదు. ఇవాళ అనేశాను, ఇక్కడే. బంధువులు ఎవరైనా చదివితే డాలస్‌కి ఫార్వర్డ్ చేసుకోండి, మీకు అలవాటేగా.

పైగా "మా కాలంలో ఆయాలున్నారా, మేం పెంచలేదా?" ఒకటి. ఉన్నారు అత్తయ్యా. ఆయా అనలేదు, అంతే. పన్నెండు మందికి వండి వార్చుతూ మీరు వంటింట్లో ఉంటే, మీ చిన్నబ్బాయి పాలేరు భార్య చంకలోనే పెరిగాడు. ఈ మాట నాకు చెప్పింది మీరే, మీ అబ్బాయీ మురిసిపోతూ చెప్తాడు, ఆవిడ చద్దన్నంలో ఆవకాయ కలిపి పెడితే ఎంత బావుండేదో అని. అప్పుడు ఎవరైనా ఆమెకి వెరిఫికేషన్ చేయించారా? ఆమె పిల్లలు ఆ టైములో ఎక్కడున్నారో ఎవరైనా అడిగారా? ఒకసారి ఆవిడ పేరేంటి అని అడిగాను ఈయన్ని. గుర్తులేదన్నాడు.

మా ఆయా మనవరాలు ఊళ్ళో ఉంది. ఆవిడ కూతురు పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది, పిల్ల అంగన్‌వాడీకి. 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి ఆంధ్రాలో అంగన్‌వాడీ వాళ్ళు 42 రోజులు సమ్మె చేశారు గుర్తుందా? అప్పుడు వర్కర్ జీతం 11,500, ఆయా జీతం 7,000. పెంచమంటే ఎస్మా పెట్టారు, అంటే అత్యవసర సేవల్లో సమ్మె చెయ్యకూడదనే చట్టం. ఆ 42 రోజులూ ఆ పిల్ల తల్లితో పాటు జీడిపిక్కల మధ్య కూర్చుంది, పెంకు రసం తగిలి వేళ్ళ చర్మం ఊడిపోయింది. ఈ మాట ఆవిడ నాకు చెప్పింది మా వాడి గోళ్ళు కత్తిరిస్తూ. నేను ఆవిడకి పదహారు వేలిస్తాను, అది చాలా ఎక్కువని మా సొసైటీలో నాకు చెడ్డపేరు, మిగతా వాళ్ళ రేటు పాడు చేస్తున్నానట.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫోటో సంగతి ఆవిడకి తెలిసిపోయింది, వాచ్‌మెన్ చూపించాడట. మొహం చిన్నబోయి ఉంది. బాబుకి మూతి తుడుస్తూ, నావైపు చూడకుండా, "రేపట్నుంచి కిందకి ఎల్లేటప్పుడు ఫోను ఇంట్లో ఎట్టేసి ఎల్తానమ్మా" అంది. సరే అనబోయి ఆగాను. మళ్ళీ తనే, "మరి మీరు ఫోను సేస్తే?" అంది.

తీసుకెళ్ళమన్నాను. మూడో అంతస్తు వారికి మనవి: రేపు కూడా 11:08కే చేస్తాను. ఆ తువ్వాలు కొంచెం పక్కకి జరుపుకుంటే ఫోటో శుభ్రంగా వస్తుంది.