ముందు పాడేవాళ్ళకూ టైమివ్వండి

మొన్న శనివారం మన తెలుగు అసోసియేషన్ హైస్కూల్ ఆడిటోరియంలో పెట్టిన ఇండీ (సినిమాలతో సంబంధం లేని సొంత పాటల) కచేరీలో జరిగింది ఎవరూ ఎత్తట్లేదు, అందుకే రాస్తున్నా. హైదరాబాద్ నుంచి వచ్చిన గాయకుడు తను రాసుకున్న పాటలు ప్రాణం పెట్టి పాడాడు. నా మనసు చివుక్కుమన్నది అతని కంటే ముందు పాడిన అన్నాచెల్లెళ్ళ విషయంలో.

ఇద్దరూ ఈ దేశంలోనే, మన పక్క రాష్ట్రంలో పుట్టి పెరిగిన పిల్లలు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పల్లెపదాలకు గిటారు జోడించి పాడతారు. స్టేజి వెనక వాలంటీర్‌గా ఉన్నాను కాబట్టి దగ్గర్నుంచి చూశాను. అన్న తెచ్చింది మేకతోలు డప్పు. బయట వాన, తోలు మెత్తబడి మోత రావట్లేదు. ఊళ్ళో అయితే కాస్త గడ్డి ముట్టించి కాచుకుంటారు, ఇక్కడ అగ్గిపుల్ల గీస్తే అలారం మోగుతుంది. చెల్లెలు హెయిర్ డ్రయ్యర్ పట్టుకుంటే అతను డప్పు మెల్లగా తిప్పుతూ, సిటికెన పుల్లతో కొట్టి చూసుకుంటూ, ఖంగుమనేదాకా అలాగే కూర్చున్నాడు.

ఈలోగా స్టేజి మీద జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అధ్యక్షుల వారి ప్రసంగం, స్పాన్సర్లకు శాలువాలు, మళ్ళీ ఫోటోలు. ఆ పిల్లలకు ముప్పావుగంట అనుకున్నది పావుగంట అయింది. ఆ పావుగంటలోనే బయట డిన్నర్ బాక్సులు తెరిచారు, సగం హాలు లేచిపోయింది. రెండో పాట మధ్యలో ఎవరో "సినిమా పాట ఏదైనా పాడమ్మా" అని కేకేశారు. ఆ పిల్ల ఆగకుండా తన పాట పూర్తి చేసింది.

స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె రాదు, పిల్లలకు ఆకలేస్తుంది, నిజమే. ఊళ్ళో మాత్రం బుద్ధిగా వింటారా అంటే అదీ లేదు. పల్లీలు తింటూ, పిల్లల్ని జోకొడుతూ, బుర్రకథలో తందాన తానకు గొంతు కలుపుతూ కూర్చుంటారు. కానీ కథ అయ్యేదాకా లేవరు.

2022లో 12 మెట్ల కిన్నెర మొగులయ్య గారికి పద్మశ్రీ వస్తే మన గ్రూపుల నిండా ఆయన ఫోటోలే. వెదురు, ఎండు సొరకాయ బుర్రలతో చేసిన ఆ కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతూ ఆయన ఎన్నేళ్ళు తిరిగారో! మనలో చాలామంది ఆయన్ని గుర్తుపట్టింది మాత్రం 2021లో సినిమా పాట వచ్చాకే. మన పిల్లలకు తెలుగు రావట్లేదని ప్రతి మీటింగులో బాధపడే మనం, తెలుగులో పాడే పిల్లలు ఎదురుగా నిలబడితే బిర్యానీ లైన్లోకి వెళ్ళిపోతే ఎలా?

కమిటీకి నా విన్నపం ఒక్కటే. శాలువాలూ ప్రసంగాలూ భోజనాలప్పుడు పెట్టుకోండి. ముందు పాడేవాళ్ళకు ఒప్పుకున్న టైమివ్వండి, పారితోషికం ఇవ్వండి. పాట సాహిత్యం వెనక స్క్రీన్ మీద ఇంగ్లిష్ లిపిలో కూడా వేస్తే ఇక్కడి పిల్లలూ అందుకుంటారు. దసరాకి ఆ ఇద్దర్నీ మళ్ళీ పిలుద్దాం, ఈసారి గంట ఇద్దాం. హోటల్ ఖర్చు నేను పెట్టుకుంటాను, మిగతాదానికి మీలో ఎవరైనా ముందుకొస్తే కమిటీతో నేనే మాట్లాడతాను.