కౌబాయ్స్‌కు కావలసినవాడు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే డాలస్ కౌబాయ్స్ జట్టుకు ఏం కావాలో ఆ జట్టు యాజమాన్యానికి తప్ప తక్కిన అందరికీ తెలుసునన్నది వాదించి నెగ్గవలసిన విషయం కాదు. జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనే, పగలంతా ఎవరి సాఫ్ట్‌వేరులోనో తప్పులు వెతికి, సాయంత్రం ఇంటికొచ్చి కౌబాయ్స్ జాబితాలో ఖాళీలు వెతికే తెలుగువారు కొల్లలుగా ఉన్నారు. ఏప్రిల్ నెలాఖరులో, కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదలయ్యే గురువారం నాటికి వారి ఎక్సెల్ పట్టికలో 53 మంది ఆటగాళ్ళ స్థానాలూ రంగులు పులుముకుని సిద్ధంగా ఉంటాయి. ఆకుపచ్చ అంటే పరవాలేదని, పసుపు అంటే వయసు మీరుతున్నదని, ఎరుపు అంటే యాజమాన్యానికి బుద్ధి లేదని అర్థం. ఇంత శాస్త్రీయమైన పత్రం చేతికి అందేటంత దూరంలో ఉండగా, కోట్ల డాలర్లు పోసి ఆటగాళ్ళను వెతికే స్కౌట్లను దేశమంతా తిప్పడం ప్రజాధనం కాకపోయినా దుర్వినియోగమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ విద్య తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో డ్రాఫ్ట్ అంటే మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ను తిరగేసినట్టు ఉంటుంది: విద్యార్థి కాలేజీని కోరుకోవడం కాకుండా కాలేజీయే విద్యార్థిని పిలుచుకుంటుంది, అదీ కిందటి ఏడాది అందరికన్నా అధ్వానంగా నడిచిన కాలేజీకే మొదటి పిలుపు. 32 జట్లు, 7 రౌండ్లు, మూడు రోజులు. ఈ పద్ధతిని ప్రతిపాదించినవాడు ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్. 1936లో మొట్టమొదటి ఎంపిక హక్కు కూడా ఆయన జట్టుకే దక్కడం కేవలం యాదృచ్ఛికమని పెద్దమనసుతో నమ్ముదాం. ఆ హక్కుతో ఎంచుకున్న జే బెర్వాంగర్ ఈ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆనాడు అభిమానుల చేతుల్లో ఫోన్లు లేవు కాబట్టి బెల్ బతికిపోయాడు. ఇప్పుడైతే 2024లో డెట్రాయిట్ నగరానికి మూడు రోజుల్లో 7 లక్షలమందికి పైగా తరలివచ్చారు, ఆట చూడడానికి కాదు, వేదికమీద పేర్లు చదువుతుంటే వినడానికి.

ఆ పేర్లు చదవడంలో పాటించవలసిన ధర్మం ఒక్కటే అని అభిమాని చెబుతాడు: అవసరాన్ని బట్టి ఎంచుకో. జనవరిలో ఓడిన ఆటలో ఏ స్థానంలో ఉన్నవాడి వల్ల ఓడామో, ఏప్రిల్‌లో ఆ స్థానమే అవసరం. అవసరమైన స్థానంలో అనుకున్నవాడు కాక వేరొకడు వస్తే అది 'రీచ్', అంటే తాహతుకు మించి ముందుగా ఎత్తుకున్న సరుకు. అవసరం లేని స్థానంలో పేరున్నవాడు వస్తే అది 'స్టీల్', అంటే ఎదుటివారి తెలివితక్కువతనం వల్ల మనకు దొరికిన సొత్తు. అప్పుడు అవసరాల పట్టికను కాసేపు పక్కన పెట్టి, 'అందుబాటులో ఉన్నవారిలో ఉత్తముణ్ణి తీసుకోవడమే గొప్ప జట్ల లక్షణం' అనే రెండో ధర్మాన్ని బయటికి తీస్తారు. ఈ రెండు ధర్మాలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం కావడమే ఈ శాస్త్రం బలం. ఏ ఎంపిక జరిగినా దాన్ని తప్పుపట్టడానికి ఒక ధర్మం, మెచ్చుకోవడానికి ఇంకొక ధర్మం ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి.

2020లో ఇదే జరిగింది. ఎదుటి రిసీవర్లకు బంతి అందకుండా కాచే కార్నర్‌బ్యాక్ బైరన్ జోన్స్ మయామీకి వెళ్ళిపోయాడు, బంతి విసిరే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను వెంటాడే రాబర్ట్ క్విన్ చికాగోకు వెళ్ళిపోయాడు, పట్టికలో రక్షణ పక్షమంతా ఎర్రగా ఉంది. బంతి పట్టే రిసీవర్లు మాత్రం కావలసినంతమంది ఉన్నారు. 17వ ఎంపికలో యాజమాన్యం ఇంకొక రిసీవర్‌ను, సీడీ ల్యాంబ్‌ను తీసుకుంది. ఆ రాత్రి పట్టికను ఎవరూ తెరవలేదు. అందరూ 'స్టీల్' అన్నారు. ల్యాంబ్ 2023 సీజన్‌లో 135 బంతులు పట్టి 1,749 గజాలు గడించి జట్టు రికార్డులు తిరగరాశాడు కనుక ఆ రాత్రి పలికినవారందరూ ఇప్పుడు దూరదృష్టి కలవారుగా చలామణీ అవుతున్నారు.

కానీ ఈ శాస్త్రం పూర్తి వైభవం చూడాలంటే 2021కి వెళ్ళాలి. ఆ ఏడాది కౌబాయ్స్‌కు కావలసినవాడు కార్నర్‌బ్యాక్. ఈ విషయంలో అభిమానులకూ విశ్లేషకులకూ, చివరికి యాజమాన్యానికి కూడా భేదాభిప్రాయం లేదు. అంత అరుదైన ఏకాభిప్రాయం విధికి నచ్చలేదు. జట్టు వంతు 10వది. 8వ ఎంపికలో జేసీ హార్న్‌ను కరోలినా, 9వ ఎంపికలో ప్యాట్రిక్ సర్టన్‌ను డెన్వర్ ఎగరేసుకుపోయాయి. అప్పుడు కౌబాయ్స్ తమ 10వ చోటును బద్ధశత్రువులైన ఈగల్స్‌కు ఇచ్చి, రెండు మెట్లు దిగి, బదులుగా ఒక మూడో రౌండు ఎంపిక పుచ్చుకున్నారు. ఆ పది నిమిషాల్లో ప్లేనోలో ఒక ఇంటి సోఫామీద జరిగిన సంభాషణను యథాతథంగా పొందుపరచడం చరిత్రకు మేలు చేస్తుంది.

"బావా, ఇద్దరూ పోయారు. ఇప్పుడెలా?"

"ఎలా ఏముందిరా, మనకొచ్చిన చోటు ఈగల్స్‌వాడి చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నారు. వీళ్ళకి చుట్టరికం ఏమన్నా ఉందేమో కనుక్కో."

"లైన్‌బ్యాకర్‌ని తీసుకున్నారు బావా. మైకా పార్సన్స్ అట."

"లైన్‌బ్యాకరా? ఉన్న ఇద్దరు లైన్‌బ్యాకర్లనీ ఏం చేసుకుంటార్రా? ఊరగాయ పెట్టుకుంటారా?"

సదరు బావగారు ఆ రాత్రే తమ వాట్సాప్ బృందంలో ఈ ఎంపికకు 'డి' గ్రేడు ప్రకటించారు. 'ఎఫ్' ఇవ్వకపోవడానికి కారణం మూడో రౌండు ఎంపిక అదనంగా రావడమేనని వివరణ కూడా జతపరిచారు. పార్సన్స్ తొలి సీజన్‌లోనే 13 శాక్‌లు చేసి, అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను అన్నిసార్లు పడగొట్టి, రక్షణ పక్షపు ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. 'ఉన్న ఇద్దరిలో' ఒకడైన జేలన్ స్మిత్‌ను అక్టోబరులోనే జట్టు వదిలేసింది. డిసెంబరు నాటికి బావగారి ఒంటిమీద 11వ నంబరు చొక్కా వచ్చింది. దానికంటే ముఖ్యమైన మార్పు ఎక్సెల్‌లో వచ్చింది: 'కార్నర్‌బ్యాక్, అత్యవసరం' అన్న వరుసకు పైన 'క్వార్టర్‌బ్యాక్‌ను వెంటాడేవాడు, పరమావసరం' అన్న కొత్త వరుస ఏప్రిల్ తేదీతో వెలిసింది. చరిత్రను ఇంత శుభ్రంగా సరిదిద్దగల సామర్థ్యం రాజవంశాల ఆస్థాన కవులకు కూడా ఉండేది కాదు.

మరి ఆ అత్యవసరమైన కార్నర్‌బ్యాక్ సంగతి? రెండో రౌండులో 44వ ఎంపికలో కెల్విన్ జోసెఫ్‌ను తీసుకున్నారు. అవసరం తీరిందని పట్టికలో గడి పచ్చబడింది. రెండు సీజన్ల తర్వాత అతన్ని మయామీకి పంపించేశారు. అదే 2021 సీజన్‌లో 11 బంతులు అడ్డగించి దేశాన్ని ఆశ్చర్యపరిచిన కార్నర్‌బ్యాక్ ట్రెవాన్ డిగ్స్ అంతకుముందు ఏడాది నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. పట్టికలో అతని గడి పసుపు రంగులో ఉండేది. 2025 ఆగస్టులో జట్టు పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చి, రెండు మొదటి రౌండు ఎంపికలూ, కెన్నీ క్లార్క్ అనే డిఫెన్సివ్ టాకిల్‌నూ పుచ్చుకోవడంతో ఆ పరమావసరపు గడి మళ్ళీ ఎర్రబడింది. ఎంపిక నాడు అక్కర్లేనివాడు, వెళ్ళిపోయిన నాడు పూడ్చలేని లోటు అయ్యాడు. ఇందులో వైరుధ్యం వెతికేవారు అభిమానిని సరిగా అర్థం చేసుకోనట్టే.

అవసరాన్ని అక్షరాలా పాటించిన సందర్భాలు లేకపోలేదు. 2017లో అవసరం డిఫెన్సివ్ ఎండ్, అంటే రక్షణ వరుస చివరన నిలబడి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు. 28వ ఎంపికలో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి టాకో చార్ల్‌టన్ అనే డిఫెన్సివ్ ఎండ్‌ను తీసుకున్నారు. గడి పచ్చబడింది, నోట్లో నీళ్ళూరే పేరు కూడా వచ్చింది. ఇంకో రెండు ఎంపికల తర్వాత పిట్స్‌బర్గ్ తీసుకున్న టీజే వాట్ 2021లో ఒకే సీజన్‌లో 22.5 శాక్‌లతో అప్పటి రికార్డును అందుకున్నాడు. చార్ల్‌టన్ రెండు సీజన్లలో కలిపి 4 చేసి, 2019 సెప్టెంబరులో ఇంటిదారి పట్టాడు. మైదానం మధ్యలో నిలబడి ఎదుటివారి పరుగును ఆపే డిఫెన్సివ్ టాకిల్ కావాలని అభిమానులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకోగా, 1991లో రసెల్ మేరీలాండ్ తర్వాత మళ్ళీ మొదటి రౌండులో ఆ స్థానానికి 2023లో మాజీ స్మిత్ వచ్చాడు. మొర ఆలకించినందుకు ఒక్కరైనా యాజమాన్యానికి కృతజ్ఞతలు చెప్పి ఉంటే బాగుండేది. 2025 నవంబరులో న్యూయార్క్ జెట్స్ నుంచి ఇంకొక డిఫెన్సివ్ టాకిల్‌ను తెచ్చుకోవడానికి చెల్లించిన మూల్యంలో మాజీ స్మిత్ కూడా ఒక భాగంగా వెళ్ళిపోయాడు. అయితే అభిమాని అంచనాలో దోషం లేదు. డిఫెన్సివ్ టాకిల్ కావాలన్నారు గాని ఆ డిఫెన్సివ్ టాకిల్ కావాలని ఎవరన్నారు?

యాజమాన్యాన్ని కూడా మరీ తక్కువ చేయకూడదు, వారి లీలలు వారివి. 2016లో టోనీ రోమో వారసుడిగా ఒక క్వార్టర్‌బ్యాక్‌ను తయారు చేసుకుందామని మొదట ప్యాక్స్‌టన్ లించ్ కోసం బేరమాడారు. డెన్వర్ ఎక్కువిచ్చి 26వ ఎంపికలో తన్నుకుపోయింది. తర్వాత కానర్ కుక్ మీద కన్నేశారు. కౌబాయ్స్ వంతు 101 కాగా, ఓక్లండ్ 100లోకి దూరి అతన్ని తీసుకుంది. ఇక గత్యంతరం లేక 135వ ఎంపికలో డాక్ ప్రెస్కాట్‌ను తీసుకున్నారు. ఆ ఆగస్టులో రోమో వెన్ను దెబ్బతినడంతో ప్రెస్కాట్ మైదానంలోకి దిగి జట్టును 13 విజయాలకు నడిపాడు. కోరుకున్న ఇద్దరినీ పక్కవాడు ఎగరేసుకుపోవడమే ఈ జట్టు చరిత్రలో ఉత్తమ వ్యూహాల్లో ఒకటని చెప్పక తప్పదు. 2014లో అభిమానులు జానీ మాన్‌జెల్ కోసం పలవరిస్తుంటే, జట్టు యజమాని మనసు కూడా అటే లాగుతుంటే, కొడుకు స్టీఫెన్ జోన్స్ తండ్రిని ఆపి 16వ ఎంపికలో జాక్ మార్టిన్ అనే లావాటి గార్డును, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగోడలా నిలబడేవాణ్ణి, తీయించాడు. మార్టిన్ 9 సార్లు ప్రో బౌల్ అనే మేటి ఆటగాళ్ళ పోటీకి ఎంపికయ్యాడు. మాన్‌జెల్ రెండు సీజన్లలో క్లీవ్‌లండ్‌లో చరిత్ర ముగించుకున్నాడు. కాని గార్డు పేరు చదివిన రాత్రి ఎవరైనా సంబరపడి చొక్కా కొనుక్కున్నారేమో విచారిస్తే, అలాంటి మనిషి ఎక్కడా తగలలేదు.

పదకొండేళ్ళ తర్వాత మార్టిన్ విరమించుకున్నాడు. 2025లో 12వ ఎంపికలో కౌబాయ్స్ మళ్ళీ ఒక గార్డునే, అలబామా నుంచి టైలర్ బుకర్‌ను తీసుకున్నారు. ఖాళీ అయిన స్థానమూ గార్డే, వచ్చినవాడూ గార్డే. ఇంతకన్నా అవసరానికి సరిపడే ఎంపిక డ్రాఫ్ట్ చరిత్రలో ఉండదు కనుక ఈసారి అభిమాని రెండో ధర్మాన్ని పట్టుకున్నాడు: 'అంత పైన గార్డునా? రిసీవర్ కావాలి కదా?' రెండు వారాలు తిరక్కుండానే పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్ అనే రిసీవర్ వచ్చేశాడు. దానికి వచ్చిన స్పందన: 'ఇచ్చిన ఎంపిక ఎక్కువైంది.'

ఆ 'ఎక్కువైంది' అన్నది కూడా నోటి లెక్క కాదని గుర్తించాలి. 1990ల మొదట్లో ఇదే కౌబాయ్స్ కార్యాలయంలో శిక్షకుడు జిమ్మీ జాన్సన్ కాలంలో ఎంపికలకు విలువ కట్టే ఒక పట్టిక పుట్టింది: మొదటి ఎంపికకు 3,000 పాయింట్లు, రెండోదానికి 2,600, పదోదానికి 1,300, అలా దిగుతూ పోతుంది. హెర్షల్ వాకర్ అనే ఒక్క ఆటగాణ్ణి 1989లో మినెసోటాకు అమ్మి గుట్టలకొద్దీ ఎంపికలు రాబట్టి, వాటితో జట్టును నిలబెట్టిన కాలమది. బేరం చేసేటప్పుడు కంగారు పడకూడదని వాళ్ళు రాసుకున్న ఆ చిట్టా, ఇప్పుడు తీర్పు చెప్పేటప్పుడు కంగారు పడనక్కర్లేదని అభిమాని జేబులో ఉంటోంది. 2025లో మొదటి రౌండులో ఒక్కో జట్టుకు ఆలోచించుకోవడానికి 10 నిమిషాల గడువుండేది. అభిమానికి 10 సెకన్లు చాలు. ఒక ఆటగాడు ఎలాంటివాడో తేలడానికి మూడేళ్ళు పడుతుందని శిక్షకులు అంటుంటారు; ఓడిపోయే శిక్షకులు గడువు పొడిగింపు కోరడం సహజమేనని దాన్ని తోసిపుచ్చవచ్చు.

కాబట్టి ఈ వ్యాసకర్త ప్రతిపాదన సరళమైనది. డ్రాఫ్ట్ రోజున ప్రతి అభిమానీ తమ జట్టు వంతు రావడానికి ఒక్క నిమిషం ముందు తనకు కావలసినవాడి పేరు రాసి, కవరులో పెట్టి, సీలు వేసి ఇవ్వాలి. మూడేళ్ళ తర్వాత జట్టు ఎంపికనూ కవరునూ పక్కపక్కన పెట్టి తెరవాలి. ఈ ప్రతిపాదనను ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో పట్టణాల్లోని పలువురు విద్వాంసుల ముందుంచగా, అందరూ సూత్రప్రాయంగా హర్షించి, కవరు ఇవ్వడానికి మాత్రం ఈ ఏడాది వీలుపడదన్నారు. ఒకాయన అయితే మూడు పేర్లు రాయవచ్చా అని అడిగారు. తర్వాత ఏడు అన్నారు.

పట్టికల మధ్య ఎన్ని తేడాలున్నా ఒక గడి మాత్రం అందరి దగ్గరా ఎర్రగానే ఉంది. కౌబాయ్స్ చివరిసారి కాన్ఫరెన్స్ ఫైనల్ (అంటే లీగ్ సెమీఫైనల్) ఆడి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినది 1996 జనవరిలో. అప్పటినుంచి క్వార్టర్‌బ్యాకులు మారారు, శిక్షకులు మారారు, స్టేడియమే మారింది. ఆటగాళ్ళ ఎంపికను నడిపే జనరల్ మేనేజర్ మారలేదు. ఈ ఒక్క స్థానం విషయంలో అవసరం ఉందన్నవారూ ఉత్తముడు కావాలన్నవారూ ఏకమయ్యారు. చిక్కల్లా ఆ ఎంపిక చేయవలసింది 1989లో 14 కోట్ల డాలర్లకు జట్టును కొని, ఆనాటి నుంచీ ఆ కుర్చీలో తానే కూర్చున్న జెర్రీ జోన్స్‌గారు కావడం. ఆయన పట్టికలో ఆ గడి నిండు పచ్చగా ఉన్నది. అందుబాటులో ఉన్నవారిలో ఉత్తముణ్ణే పెట్టుకున్నారు కదా!